టెక్కలిలో ఒక పాత కారు స్టీరింగు

మొన్నటి మాఘమాసమున మా మేనత్తగారు రమ్మని కబురంపగా మేము టెక్కలికి ప్రయాణమైతిమి. పెండ్లికి కాదు, పండుగకు కాదు. ఇంటిలోని పాత కారుకు స్టీరింగు బాగుచేయించు పనికి. ఇంతమాత్రమునకు ఇంత ప్రయాణమా యని సోదరీమణులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వినవారమే.

మద్రాసు హౌరా రైలుమార్గమున నౌపడలో దిగితిమి. అచ్చటనుండి గుణుపురము పోవు శాఖమీద టెక్కలి యున్నది. 1900 సంవత్సరమున పర్లాకిమిడి సంస్థానమువారు తమ పట్టణమునకు వేయించుకొన్న చిన్నబండి మార్గ మిదియే. 1931లో గుణుపురము వరకు సాగినది. ఆ చిన్నబండి నేడు లేదు, పెద్ద లైను వచ్చినది. నౌపడ ప్రాంతమున ఉప్పుమడులు తెల్లగా మెరయుచుండును. చూచుటకు కన్నులపండువే కాని ఆ ఉప్పుగాలి ఇనుమునకు పగ. తలుపు గడియలు, కిటికీ చువ్వలు, బావి గిలకలు, దేనిని విడువదు.

అత్తయ్యగారి పెరటిలో కారు గోనెపట్టాల క్రింద నుండెను. అది అంబాసిడరు, మార్కు టూ. 1962 మొదలు 1975 వరకు బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన రకము. 2014లో అచ్చట అంబాసిడరుల తయారీయే నిలిచిపోయినది. మామయ్యగారు ఆ కారును షికార్లకంటె రోగులకొరకే ఎక్కువగా నడిపిరి. పలాస, సోంపేట, కవిటి ప్రాంతముల ఉద్దానము పేరునకు తగినట్లు ఉద్యానమే; కొబ్బరి, జీడిమామిడి, పనస దట్టముగా పెరిగిన సీమ. అంత పచ్చదనము నడుమ ఎందరో కాపురములను మూత్రపిండముల వ్యాధి పట్టుకొన్నది. దానికి కారణ మిదియే యని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చలేకున్నారు. దగ్గరలో డయాలసిస్ కేంద్రములు లేని దినములలో 150 కిలోమీటర్లకు మించిన దూరము విశాఖపట్నమునకు పోవలసి వచ్చెడిది. తెల్లవారుజామున ఎవరు వచ్చి తలుపు తట్టినను మామయ్యగారు లేచి కారు తీసెడివారు.

ఆ కాలపు అంబాసిడరులో గేరు కఱ్ఱ స్టీరింగు క్రిందనే యుండును. ఎడమచేతితో దానిని కదల్పవలెను. కనుక కుడిచేయి చక్రమును విడువదు. ఏండ్ల తరబడి ఆయన కుడిచేయి ఆనినచోట చక్రము నునుపై, కొంచెము పల్లముపడి యుండెను.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసకు దగ్గరగా తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరిచెట్లు లెక్కకు మిక్కిలిగా నేలకొరిగినవి. ఆ రాత్రి అత్తయ్యగారి కారు షెడ్డు మీదను ఒక చెట్టు పడినది. ఊరంతయు ఇండ్లు కప్పుకొనుచుండగా కారు షెడ్డును తలచువారెవరు? నెలల తరబడి కారు ఎండలో వానలో నిలిచినది. స్టీరింగు నాలుగుచోట్ల పగిలినది. రెండేండ్లకు మామయ్యగారు పోయిరి. అటుపిమ్మట కారును ముట్టినవారు లేరు.

"క్రొత్త చక్రము బజారులో దొరకును, పాతది తీసివేయుదము" అని మా బావ. "అది తీసివేసిన కారు నాకు వద్దు, అమ్మివేయండి" అని అత్తయ్యగారు. తల్లీకొడుకుల నడుమ తీర్పు చెప్పుటకే మమ్ము పిలిచినారని అప్పుడు తెలిసినది. మేము తీర్పు చెప్పక, మేస్త్రీని పిలిపించితిమి.

మేస్త్రీ వయసు మీరినవాడు. చక్రమును నాలుగు వైపుల చూచి, "అమ్మగారూ, పైనున్నది ప్లాస్టిక్కు, లోపల ఇనుము. పైది పగిలితే అతుకుతాను. లోపలి ఇనుము విరిగితే మీరు బతిమాలినా అతకను. ఇది ప్రాణాలతో పని" అనెను. అత్తయ్యగారు తల యూపిరి కాని, ముఖము చిన్నబోయినది.

ముందుగా బ్యాటరీ తీగ విప్పినాడు. నడిమి హారను బొత్తామును తీసి, క్రింది నట్టును వదులుచేసి, చక్రమునకును ఇరుసునకును కలియునట్లు ఒక గుర్తు పెట్టినాడు. ఆ గుర్తు లేనిచో తిరిగి బిగించునప్పుడు చక్రము వంకరగా కూర్చుండునట. సుత్తితో కొట్టక పుల్లరు తగిలించి మెల్లగా లాగినాడు. సబ్బునీటితో కడుగగా ఎన్నియేండ్ల మురికియో దిగినది.

పగుళ్లు పుట్టుటకు కారణము వింతగా లేదు. ఎండకు ప్లాస్టిక్కు సాగినంత ఇనుము సాగదు. చలికి అది ముడుచుకొన్నంత ఇది ముడుచుకొనదు. ఏండ్లు గడచినకొలది ప్లాస్టిక్కు ఎండి కుంచించుకొనును. తుదకు చువ్వలు చక్రమును కలియుచోట పగులును. ఆ పగుళ్లలోనికి ఉప్పుగాలి చొరబడి ఇనుమును తుప్పు పట్టించును.

మేస్త్రీ పగుళ్లను పూడ్చుటకు ముందు మూడంచుల ఆకురాయితో ఇంకను వెడల్పుచేసినాడు. సన్నపు పగులులో జిగురు నిలువదు. బీట వారిన అరుగును పూయువారును ముందు గీకియే పూయుదురు గదా! లోపలి ఇనుము కనబడినది. తుప్పు గీకి, తట్టి, వంచి చూచినాడు. అంతసేపు అత్తయ్యగారు చెంగు నోటికి అడ్డముంచుకొని నిలుచుండిరి. "గట్టిగానే ఉందమ్మా!" యని అతడనగానే ఆమె కూర్చుండిపోయిరి.

రెండు గొట్టముల ఎపాక్సి జిగురును సమపాళ్లలో కలిపి, పగుళ్లలో ఉపరితలముకంటె కొంచెము ఎత్తుగా నింపినాడు. ఒక పగలు ఒక రాత్రి దానిని ముట్టరాదనెను.

ఆ విరామమున మేము రావివలస పోయి ఎండల మల్లికార్జునస్వామిని దర్శించితిమి. పైకప్పు లేక ఎండలోనే నిలుచు మహాలింగ మది. "స్వామికి ఎండ ఇష్టము, స్టీరింగుకు కాదు" అని బావ నవ్వించెను. తిరుగుదారిలో మాటలు పలాస మీదికి పోయినవి. అచ్చటి కార్ఖానాలలో స్త్రీలు జీడిపప్పు ఒలుతురు. జీడిగింజ తొక్కలోని నూనె చర్మమును కాల్చును. ఆ నూనెతో చేసిన పొడినే మోటారుల బ్రేకులలో వాడుదురని బావ చెప్పగా ఆశ్చర్యపడితిమి.

మరునాడు మేస్త్రీ 120 నంబరు కాగితముతో మొదలిడి, 400 దాటి, ఇంకను సన్నని కాగితముతో తడిపి రుద్దినాడు. దుమ్ము పీల్చకుండ ముక్కునకు గుడ్డ కట్టుకొన్నాడు. కుడివైపు పల్లము దగ్గర చేయి ఆపి, "దీన్నీ నింపేయమంటారా?" యని అడిగెను. బావ సరేయనబోయెను. అత్తయ్యగారు, "పగిలింది అతుకు నాయనా. అది పగల్లేదు, అరిగింది" అనిరి. తరువాత ఎవరును మాటాడలేదు. అతడు ఆ చోటును సన్నకాగితముతో శుభ్రము మాత్రము చేసి, ప్రైమరు, నల్లరంగు పలుచని పూతలుగా వేసినాడు. పూతపూతకు ఆరనిచ్చుటతో నాలుగు దినములు పట్టినది.

గుర్తు కలిపి చక్రమును బిగించిన దినమున అత్తయ్యగారు నడుపువారి చోట కూర్చుండి ఆ పల్లములో తమ చేయి పెట్టిరి. "ఆయన చెయ్యి పెద్దది" అని మాత్ర మనిరి.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. టెక్కలికి అది సుమారు 30 కిలోమీటర్లు. మేము బయలుదేరు ఉదయమున ప్రక్కవీధి ఇల్లాలిని వైద్యునికి చూపుటకు బావ ఆ కారులోనే పలాసకు తీసికొనిపోయెను. దూరము తగ్గినది, ప్రయాణము మాత్రము మానలేదు.