పంచడం కూడా పనే

పదిమంది తలో చెయ్యీ వేస్తే ఎంత పనైనా తేలికే అంటారు. ఆ పదిమందికీ పని పురమాయించే మనిషి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

మా అక్క కొడుకు కంప్యూటర్ బొమ్మల సినిమాలు చేస్తాడు. బొమ్మకి నడక నేర్పి, రంగులద్ది, దీపాలు అమర్చాక, ఆ వెలుగునీడలన్నీ లెక్కగట్టి అసలు చిత్రం తయారుచేసేది యంత్రమే. దాన్నే రెండరింగ్ అంటారు. తెరమీద సెకనుకి 24 చిత్రాలు కావాలి మరి! 1995లో వచ్చిన ‘టాయ్ స్టోరీ’కి 1,14,240 చిత్రాలు, 8 లక్షల గంటల యంత్రకాలం పట్టాయి. ఒక్క యంత్రం నిద్రాహారాలు మాని కూచుంటే 91 ఏళ్లన్నమాట! అందుకే అమెరికాలోని పిక్సార్ వాళ్లు 117 వర్క్‌స్టేషన్లకి ఆ పని పంచారు.

“ఓస్! నాలుగు కంప్యూటర్లు కలిపేస్తే సరి!” అన్నాను.

“కలపడం ఒక్క పూట పని పిన్నీ. అన్నీ ఒక్కలా చేసేట్టు చూడ్డమే అసలు పని,” అన్నాడు.

అన్నిట్లోనూ ఒకే సాఫ్ట్‌వేర్, అదీ ఒకే వెర్షను ఉండాలిట. లేకపోతే పక్కపక్క చిత్రాలకి రంగు తేడా వచ్చి తెర మిణుకుమిణుకుమంటుంది. సామానంతా అన్నిటికీ అందే ఒకేచోట, ఒకే చిరునామాతో ఉండాలి. “నా డి డ్రైవులో ఉంది” అంటే పక్కయంత్రం తన డి డ్రైవులో వెతుక్కుని, దొరక్క, పువ్వుల చీరని ఉత్త చీరగా దింపేయవచ్చు. “పోపులపెట్టె ఎప్పటిచోటే ఉంది” అంటే కొత్తకోడలికేం తెలుస్తుంది చెప్పండి!

ఏ చిత్రానికాచిత్రం అంకె వేసి విడిగా దాస్తారు. మధ్యలో ఓ యంత్రం మొరాయిస్తే, దాని చేతిలో ఉన్నది మరోదానికిస్తే చాలు. ఎవరు ఖాళీ, ఎవరు పడకేశారు, తరువాతి వంతు ఎవరిది - ఈ జాబితా చూసుకునేందుకు ఒక మేనేజర్ ప్రోగ్రాం ఉంటుంది. అది తనుగా ఒక్క చిత్రమూ చెయ్యదు. కానీ అది ఆగిందా, చేతిలో పని అవగానే తక్కినవన్నీ చేతులు ముడుచుక్కూచుంటాయి!

అక్కడ నా మనసు చివుక్కుమంది. మా ఇంట్లోనూ ఆయన కూరలు తరుగుతారు, అబ్బాయి బట్టలారేస్తాడు. “అంతా సమానంగా చేస్తున్నాం” అనుకుంటారు. పప్పు నిండుకుందా, గ్యాసు ఎప్పుడు చెప్పాలి, అత్తగారి మాత్రలు ఎన్నున్నాయి - ఈ జాబితా నా తలలోనే, నిద్రలో కూడా. అది ఎవరి లెక్కలోకీ రాదు. యంత్రాల వాళ్లు నయం, దానికి ‘మేనేజర్’ అని పేరైనా పెట్టారు!

“ఏం చెయ్యాలో చెప్పు, చేస్తా” అనే మగమహారాజులకి నాదొక్కటే మనవి. చెప్పడం కూడా పనేనండీ! ఈ ఒక్కవారం ఆ జాబితా మీరుంచుకోండి. ఏం చెయ్యాలో నేనడుగుతాను.