లిఫ్ట్ దిగిన తర్వాత

ఇంటర్వ్యూ అయ్యి లిఫ్ట్ దిగిన కుర్రాడు గేటు దాటకముందే నాకు ఫోన్ చేస్తాడు. ఏమంటాడో నాకు తెలుసు. "మేడం, బాగానే చేశాను. ఫీడ్‌బ్యాక్ ఏమైనా వచ్చిందా?" పైన ప్యానెల్‌లో కూర్చున్నాయన అప్పటికింకా కుర్చీలోంచి లేచి కూడా ఉండడు.

1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పేపర్లో ఫొటో చూసి, ఆ గుండ్రటి బిల్డింగులో ఫ్యాన్లే ఉండవట అని నాన్నతో వింతగా చెప్పాను. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి అదే బిల్డింగు బయట ఎండలో నిలబడి, ఆ రోజు ఇంటర్వ్యూల లైనప్‌లో ఎంతమంది వచ్చారో, ఎంతమంది ఎగ్గొట్టారో లెక్క రాసుకునే ఉద్యోగంలో ఉన్నాను. రిక్రూటర్‌ని. అప్పట్లో మా కన్సల్టెన్సీ అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర. కింద జావా కోచింగ్, పైన మేము. ఒక గది, నాలుగు ఫోన్లు, ముగ్గురికి కలిపి ఒకే నౌక్రీ లాగిన్.

మా తిండి ఎక్కడిదో ముందే చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. చేరిన మనిషి వార్షిక సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత, కంపెనీ మాకిస్తుంది. ఆ మనిషి మూడు నెలల్లోపు మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికిపెట్టాలి. ఇంటర్వ్యూ దాకా మేం పడ్డ కష్టానికి పైసా రాదు. ఏ డబ్బు వచ్చినా ఇంటర్వ్యూ తర్వాత జరిగేదాని మీదే వస్తుంది. అందుకే ఆ రోజుల గురించి నాకు కాస్త ఎక్కువ తెలుసు.

"ఎలా జరిగింది అని అడగకు, ఏమడిగారు అని అడుగు." మా కన్సల్టెన్సీ మేడం నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. ఎలా జరిగిందంటే అందరూ బాగానే జరిగిందంటారు. ఏమడిగారంటే ఆలోచిస్తారు. కాబట్టి బయటికి రాగానే టీ బండి దగ్గరైనా సరే, ఫుట్‌పాత్ మీదైనా సరే కూర్చోండి. రెజ్యూమె వెనక పేజీలో ప్రశ్నలన్నీ వరసగా రాయండి. చెప్పలేకపోయిన వాటి పక్కన చుక్క పెట్టండి. ఇరవై నిమిషాలు దాటితే సగం మరిచిపోతారు, ఇంటికెళ్ళి పడుకుని లేస్తే తప్పు చెప్పినవి కూడా కరెక్టే చెప్పామనిపిస్తాయి. (ఆ ప్రశ్నలను తర్వాతి లైనప్‌కి అందించేవాళ్ళం, దాచడమెందుకు. ఇప్పుడు ఆ పని చేయను.)

ఇలా ప్రశ్నలను మళ్ళీ తలుచుకోవడం విలువ నాకు తెలిసింది 2007లో. టెస్టింగ్ ఉద్యోగానికి ఒకమ్మాయిని పంపాను. నల్గొండ వైపు నుంచి వచ్చింది, బీఎస్సీ కంప్యూటర్స్. అందరినీ అడిగే ప్రశ్నే ఆమెనూ అడిగారు: ఉద్యోగుల పట్టికలో రెండో అత్యధిక జీతం తీయడానికి క్వెరీ రాయి. జీతాలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి రెండో వరస తీసింది. ప్యానెల్ సరేనంది. అప్పటికి మెట్రో ఎక్కడిది, అది హైటెక్ సిటీకి వచ్చింది 2019 మార్చిలో. దిల్‌సుఖ్‌నగర్ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఉండగా ఆమెకు వెలిగింది: అందరికంటే ఎక్కువ జీతం ఇద్దరికి ఉంటే? రెండో వరసలోనూ అదే మొదటి జీతం వస్తుంది కదా! దిగి నెట్ సెంటర్‌కి వెళ్ళి నాకు మెయిల్ పెట్టింది. తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"ఈరోజు నాకు టైమ్ ఇచ్చినందుకు థ్యాంక్స్. జీతాల క్వెరీలో నేను రాసింది ఇద్దరికి ఒకే జీతం ఉంటే తప్పవుతుంది. మ్యాక్స్ కంటే తక్కువున్న జీతాల్లో మ్యాక్స్ తీయాలి. సరిచేసిన క్వెరీ కింద ఉంది."

నేను దాన్ని కంపెనీకి పంపాలా వద్దా అని జంకాను. ప్యానెల్ పట్టని తప్పును మనమే చూపించడమెందుకని. మేడం నా భుజం మీంచి చదివి, "పంపు" అన్నారు. మర్నాడు మేనేజర్ ఫోన్: "తప్పు దొరికేదాకా నిద్రపోని టెస్టరే నాకు కావాల్సింది." నా చేతి మీదుగా వెళ్ళిన మొదటి ఆఫర్ అది. అందులో నా ప్రతిభ ఏమీ లేదు, మెయిల్ ఫార్వర్డ్ చేయడం తప్ప.

ఆ నాలుగు లైన్లు మళ్ళీ చూడండి. బతిమాలడం లేదు, ఈ ఉద్యోగం నా కల అనడం లేదు. ఒక థ్యాంక్స్, ఒక పని. అదే రోజు సాయంత్రం పంపింది. నాలుగు రోజుల తర్వాత పంపి ఉంటే ఎవరినో అడిగి రాసిందనుకునేవాళ్ళు.

ఇక ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం. మనుషులు కుంగిపోయేది ఇక్కడే. లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మేనేజర్ ఊళ్ళో ఉండడు. ఇంకో ఇద్దరికి ఎల్‌2 రౌండ్ మిగిలి ఉంటుంది. బడ్జెట్ అప్రూవల్ అమెరికాలో ఉన్నాయన ఇవ్వాలి, ఆయన సెలవులో ఉంటాడు. లేదా లోపలి మనిషినే ఆ సీటుకు మార్చే ఆలోచన వస్తుంది. మా ట్రాకర్ షీట్‌లో వీటన్నిటికీ ఒకటే మాట: ఆన్ హోల్డ్. ఇందులో ఏ ఒక్కటీ మీరు చెప్పిన జవాబుల వల్ల జరిగేది కాదు.

అందుకే గదిలోంచి లేచేముందే అడగండి, ఎప్పటిలోగా తెలుస్తుందని. ఆ తేదీ దాటాక రెండు పనిరోజులు ఆగి ఒక మెయిల్. జవాబు లేకపోతే వారం తర్వాత ఒక ఫోన్. ఆపైన మీ వెతుకులాట మీది. అసలు దాన్ని ఒక్కరోజు కూడా ఆపకూడదు. మెసేజ్ పెడితే పేరు, ఏ ఉద్యోగం, ఏ రోజు ఇంటర్వ్యూ, ఎన్నో రౌండ్ అన్నీ రాయండి. "హాయ్ మేడం, ఎనీ అప్‌డేట్?" అని సాయి మెసేజ్ పెడతాడు. నా ఫోన్‌లో సాయిలే ముప్పై మంది ఉన్నారు.

నేను చేసిన తప్పు కూడా వినండి. 2008 సెప్టెంబరు. ఒక కుర్రాడికి మూడు రౌండ్లూ అయ్యాయి. కంపెనీ మేనేజర్ ఫోన్‌లో, "సెలెక్ట్ అండీ, సోమవారం ఆఫర్ రోలౌట్ చేస్తాం" అన్నాడు. ఆ నెల టార్గెట్ నెత్తిమీదుంది. నేను ఆగలేక కుర్రాడికి ఫోన్ చేసి, "కంగ్రాట్స్! పేపర్ పెట్టేయ్, నోటీస్ పీరియడ్ కలిసొస్తుంది" అన్నాను. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాడు. అదే నెల 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. సోమవారం ఆఫర్ రాలేదు. ఆ పై సోమవారం పొజిషనే లేదన్నారు. పాత కంపెనీ రాజీనామా వెనక్కివ్వనంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు లెక్కలు తప్పని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడ్డాక మార్కెట్లోకి వచ్చిపడ్డ రెజ్యూమెల కింద ఇతని రెజ్యూమె ఎక్కడో అడుక్కి పోయింది.

మేడం నన్ను తిట్టలేదు. "ప్రతి శనివారం అతనికి ఫోన్ చెయ్. కబురున్నా లేకున్నా చెయ్" అన్నారు. దానికన్నా తిట్టినా బాగుండేది. చేసిన ప్రతిసారీ మొదటి రింగుకే ఎత్తి, "చెప్పండి మేడం" అనేవాడు. అలా ఎనిమిది నెలలు. మే నెలలో, పాత జీతం కంటే తక్కువకు ఒకచోట కుదిరాడు. పెళ్ళికి పిలిచాడు కూడా. నాకే మొహం చెల్లక వెళ్ళలేదు.

కాబట్టి నోటిమాట ఆఫర్ కాదు. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తూ కాదు. కంపెనీ సొంత డొమైన్ నుంచి, జీతం వివరాలతో, చేరే తేదీతో లెటర్ రావాలి. అది చదివి, అర్థం కానివి అడిగి, ఒప్పుకున్నట్టు జవాబిచ్చాకే పేపర్ పెట్టండి.

ఆఫర్‌కు ముందు డాక్యుమెంట్లు అడుగుతారు: మూడు నెలల పేస్లిప్‌లు, ఫారం 16, రిలీవింగ్ లెటర్లు. ఇక్కడ జీతం పెంచి చెప్పినవాళ్ళు, మధ్యలో గ్యాప్ దాచినవాళ్ళు దొరికిపోతారు. పీఎఫ్‌కి యూఏఎన్ వచ్చాక ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో సర్వీస్ హిస్టరీలోనే కనిపిస్తుంది. బీజీవీ వాళ్ళు, అంటే వెనకాల విచారించే వాళ్ళు, చూసే మొదటి కాగితం అదే. గ్యాప్ ఉందని ముందే చెప్పినవాళ్ళకు ఉద్యోగం ఇప్పించగలిగాను. దాచినవాళ్ళకు ఇప్పించలేకపోయాను.

రెండు ఆఫర్లుంటే తప్పులేదు. కానీ వద్దనుకున్న చోటికి ఒక్క ఫోన్ చేయండి. జాయినింగ్ రోజు తొమ్మిదింటికి, "బయల్దేరాను మేడం, రాయదుర్గం మెట్రోలో ఉన్నా" అని చెప్పి, పదింటికి ఫోన్ స్విచాఫ్ చేసిన ఒకతన్ని చూశాను. కింద రిసెప్షన్‌లో అతని పేరుతో బ్యాడ్జి అలాగే ఉండిపోయింది. రెండేళ్ళకు అతనే ఇంకో కంపెనీకి అప్లై చేశాడు. అక్కడి హెచ్‌ఆర్‌గా వచ్చింది ఆ పాత కంపెనీలో బ్యాడ్జి పట్టుకుని నిలబడ్డ అమ్మాయే. ఈ ఐటీ కారిడార్ మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా సాగినా లోపలి మనుషులు తిరిగి తిరిగి వాళ్ళే.

ఇంకొకటి. ఇంటర్వ్యూ అయ్యాక "ఆఫర్ రెడీ, ఇంత కట్టండి" అని ఎవరైనా అంటే, బ్యాక్‌డోర్ అన్నా, డిపాజిట్ అన్నా, ట్రైనింగ్ ఫీజన్నా, ఫోన్ పెట్టేయండి. మాకిచ్చేది కంపెనీ, మీరు కాదు. అప్పటికే కట్టి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మేడం రిటైరయ్యారు. నేనిప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు ఎక్సెల్ ట్రాకర్ ఇచ్చేటప్పుడు ఒక అదనపు కాలమ్ పెడతాను: శనివారం ఫోన్ చేశావా? ఇక మీకో మాట. ఆఫర్ లెటర్ మీ మెయిల్‌లో పడేదాకా ఎన్నిసార్లు అడిగినా నా నోటివెంట "కంగ్రాట్స్" రాదు. ఏమీ అనుకోకండి.