పౌడర్

మా బస్తీ ఆడవాళ్లు పెళ్లిలో ఫోటోకు నిలబడితే వినే మొదటి మాట "నవ్వండి" కాదు. "కొంచెం పౌడర్ అద్దుకోండమ్మా, ఫోకస్ పడ్తలేదు." చెప్పేవాడు తిట్టినట్టు చెప్పడు, పనితనం తెలిసినట్టు చెబుతాడు. నల్ల మొహం కెమెరాకు పట్టదట. మేమూ నమ్మినం. ఊరు దూరం పెట్టింది, బావి దూరం పెట్టింది, కెమెరా మాత్రం దగ్గరికి తీస్తదా అనుకున్నం.

మేం మాదిగలం. అడ్డగుట్టలో పెరిగినం. అమ్మ మున్సిపాలిటీ రోడ్లు ఊడ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు సర్కారు బడిలో పదో తరగతికి కటకాల పాఠం చెబుతున్నాను. 2013లో సికింద్రాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో నా పెళ్లయింది. ఆల్బమ్‌లో నా చీర జరీని పోగు పోగూ లెక్కపెట్టవచ్చు. పక్కన నిలబడ్డ అమ్మ మొహం మాత్రం కదిలే నీళ్లలో చూసినట్టుంటుంది. 2019లో అమ్మ పోయింది. గోడకు పెట్టుకుందామని ఆల్బమ్ మొత్తం తిరగేసినం. అమ్మ ఉన్న ఫోటోలు పద్నాలుగు. కళ్లు తేటగా కనబడేది ఒక్కటీ లేదు. చివరికి ఆమె డ్యూటీ గుర్తింపు కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించినం.

తమ్ముడు పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తడు. ఒక శనివారం వాడి కెమెరా బడికి పట్టుకపోయిన. ఖాళీ బ్లాక్‌బోర్డు వైపు పెట్టి బటన్ సగం నొక్కినం. లెన్స్ జర్రుమని ముందుకూ వెనక్కూ తిరిగింది, ఎక్కడా ఆగలేదు. చాక్‌పీసుతో ఒక నిలువు గీత గీసిన. టక్కున పట్టింది. "బోర్డు నల్లగుంది కాబట్టి టీచర్" అన్నది ఒక పిల్ల. కొత్తగా రంగేసిన తెల్లగోడ వైపు తిప్పినం. అక్కడా అదే తిరుగుడు.

సంగతి ఇదీ. అట్లాంటి కెమెరాలో లెన్స్ ఒక పక్క నుంచి, రెండో పక్క నుంచి వచ్చే వెలుతురు రెండు చిన్న బొమ్మలుగా పడుతుంది. వాటి మధ్య ఎంత తేడా ఉందో కొలిచి లెన్స్ జరుగుతుంది. కొలవాలంటే ఒక గీతో, అంచో, వెలుగునీడల తేడానో ఉండాలె. అది వెతికేది తెలుపును కాదు, తేడాను. అందుకే జరీ దొరికితే జరీ, దండ దొరికితే దండ పట్టుకుంటది.

నలుపుకు అసలు సంబంధమే లేదా? ఉంది. ముదురు చర్మం నుంచి తిరిగొచ్చే వెలుతురు తక్కువ. మసక హాల్లో అంచు కనబడదు. దానికి కావలసింది లైటు, పౌడర్ కాదు. ముక్కు మీది చెమట మెరుపు, చెంప మీది వెలుగు కెమెరాకు ఆసరా. పౌడర్ దాన్నే చెరిపేస్తది. చర్చి పెళ్లిళ్లలో జరీ లేని తెల్లచీర మీదా ఫోకస్ ఇట్లనే తిరుగుతది. అప్పుడు మసి పూసుకొమ్మని ఏ ఫోటోగ్రాఫరూ చెప్పడు.

కొడాక్ రంగుల ప్రింట్లు సరిచూసుకునే కార్డు మీద 1950ల నుంచి చాలా ఏండ్లు తెల్లామె బొమ్మే. చాక్లెట్లు, కర్ర సామాన్లు అమ్మేవాళ్లు తమ ముదురు రంగులు సరిగ్గా రావట్లేదని అడిగినాకనే ఫిల్మును బాగుచేసిన్రని అక్కడ పనిచేసినవాళ్లే చెప్పిన్రు. మనిషి మొహం చేయలేని పని బీరువా చేసింది.

ఈ సికింద్రాబాద్‌లోనే రాజా దీన్ దయాళ్ 1880లలో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ఆయన జనానా స్టూడియో తెరిస్తే, లోపల ఫోటో తీసేదీ ఆడవాళ్లే. అప్పుడు ఆటోఫోకస్ లేదు. గాజుపలక మీద బొమ్మ చూసి చేత్తో సరిచేసేవాళ్లు. పరదా మొహాలకు అంత ఏర్పాటు చేసిన నగరంలో, నా పెళ్లినాడు మా అమ్మ వైపు లైటు తిప్పేవాడు లేకపోయిండు.

తమ్ముడు ఇప్పుడు లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి కొడ్తడు. ముక్కుపుల్ల అంచు మీద ఫోకస్ పట్టి, బటన్ వదలకుండా ఫ్రేమ్ సరిచేసుకుంటడు. కొత్త కెమెరాలు కన్నును వెతికి పట్టుకుంటయి గానీ, కన్ను కనబడే వెలుతురు వాటికీ కావాలె. సెలవుల్లో ఆ లైటు నేను పట్టుకుంట. స్టేజీ కన్నా ముందు వంటల దగ్గరికి, వెనక వరసలకు పోతం. మొన్న ఒక పెద్దమ్మ కెమెరా చూడంగనే కొంగుముడి విప్పి పౌడర్ పొట్లం తీసింది.

"వద్దు పెద్దమ్మా, లైటున్నది" అన్నడు తమ్ముడు.

ఫోటో తీసి, స్క్రీన్ మీద కండ్లు పెద్దగ చేసి చూపించిండు. ఆమె చాలాసేపు చూసింది. పొట్లం పారెయ్యలేదు, మళ్లీ కొంగుకే కట్టుకున్నది.