నాన్నది 63, నాది 91

మొన్న దీపావళి బోనస్‌తో నాన్నకి స్మార్ట్‌వాచ్ కొన్నాను. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో ముప్ఫై ఏళ్లుగా గుమస్తా ఆయన. తెల్లారకుండానే లేచి, మార్కెట్‌కి నడిచే వెళ్లే మనిషి. వాచ్ పెట్టుకుని కాసేపు కూర్చున్నాక గుండె వేగం 63 అని చూపించింది. సరదాకి నేనూ పెట్టుకున్నా. 91.

"ఇదేటిరా, నాది నీకంటే అంత తక్కువుంది? గుండె నీరసించిపోనాదేటి?" అని నాన్న కంగారుపడ్డాడు.

నవ్వేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కష్టపడుతున్నది ఎవరి గుండో నాకు తెలుసు.

నా వయసు 28. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు 68. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని, రాత్రి 11 దాకా కాల్స్, పక్కనే జంతికల డబ్బా. బీఎంఐ 32 దాటింది. మన భారతీయులకి 25 దాటితేనే ఊబకాయం అంటున్నారు డాక్టర్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన రాష్ట్రంలో ఆడవాళ్లలో 36 శాతం, మగవాళ్లలో 31 శాతం ఉండాల్సిన దానికంటే బరువున్నవాళ్లే. నాకు తోడు చాలామందే ఉన్నారు గానీ, అది ధైర్యం చెప్పే తోడు కాదు.

ఆ వారమే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. నాన్న కూడా వెంట వచ్చాడు.

"60 నుంచి 100 దాకా నార్మలే కదండీ?" అన్నాను.

"నార్మలే. కానీ ఊరికే కూర్చున్నా రోజూ 90 దాటుతోందంటే, ఎందుకో చూడాలి" అన్నారాయన.

ఈసీజీ బాగానే ఉంది. రక్తహీనత లేదు, థైరాయిడ్ లేదు. మిగిలింది బరువు, నిద్ర, కదలిక లేకపోవడం. యూజర్లు ఎవరూ లేకపోయినా సర్వర్ మీద లోడ్ ఎక్కువుంటే మేం వదిలేయం, వెతుకుతాం. ఒంటి విషయంలో మాత్రం ఏళ్ల తరబడి వదిలేశాను.

పెద్ద ఒంటికి ఎక్కువ రక్తం పంపాలి. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే గుండెని పరిగెత్తించే నరాలు విశ్రాంతిలోనూ మేలుకునే ఉంటాయి. గురకతో నిద్ర చెడితే ఇంకాస్త. డాక్టర్ గారు చెప్పిన ఒక్క మాట మాత్రం నాకు బాగా పట్టింది. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది కొట్టుకునేటప్పుడు కాదు, రెండు దెబ్బల మధ్య సడలినప్పుడు. వేగం పెరిగితే ముందు తగ్గేది ఆ విరామమే. ఒళ్లంతటికీ వడ్డించే గుండె తను తినేది ఆ కాస్త సందులోనే అన్నమాట. నాకూ నాన్నకీ నిమిషానికి తేడా 28. రోజంతా అదే తేడా ఉంటే 40,320 దెబ్బలు ఎక్కువ.

వచ్చేస్తుంటే డాక్టర్ గారు నాన్నకి కూడా బీపీ చూశారు. 164/98. వారం తర్వాత మళ్లీ చూసినా అంతే. 63 చూసి ఈయనకేం ఫర్వాలేదనుకున్నాను. నాడి ఒక్కటే అన్నీ చెప్పదని ఆ రోజు తెలిసింది. నాన్నకి మాత్రలు మొదలయ్యాయి.

బీపీ అదుపులోకి వచ్చాక, డాక్టర్ గారు సరేనన్నాక, ఇద్దరం ఆదివారాలు శంకరం వెళ్లి బొజ్జన్నకొండ ఎక్కుతున్నాం. మిగతా రోజుల్లో మార్కెట్ దాకా నాన్నతోనే నడక. జంతికల డబ్బా వంటింట్లోకి వెళ్లిపోయింది. నాలుగు నెలల్లో బరువు 90కి దిగింది. పొద్దున్నే కాఫీ తాగకముందు, మంచం మీదే నాడి పట్టుకుని నిమిషం లెక్కపెడితే 81 వస్తోంది. ఇంకా చాలా దూరం ఉంది.

ఇప్పుడు లేవగానే నాన్న అడిగే మొదటి మాట, "ఎంతరా?"

"81. నీ మాత్ర?"

"ఏసుకున్నాన్లే. నడు."