చలికాలం, చిక్కడపల్లి, చక్ అన్నయ్య

ధనుర్మాసం వచ్చిందంటే మా చిక్కడపల్లికి చీకటితోనే మెలకువ వస్తుంది. వెంకటేశ్వరస్వామి గుళ్లో పాశురం మొదలయ్యేసరికి శాలువాలు కప్పుకున్న పెద్దవాళ్లు, వాళ్ల వెనక మంకీ క్యాపుల్లో మనవలు. దొన్నెలో పెట్టిన కట్టెపొంగలి అరచేతిని కాలుస్తున్నా కింద పెట్టబుద్ధి కాదు. మొన్న అలా దొన్నె పట్టుకుని అశోక్ నగర్ వైపు నడుస్తున్నాను. మలుపులో ఇడ్లీ బండి దగ్గర నలుగురు కుర్రాళ్లు, చంకల్లో కరెంట్ అఫైర్స్ పుస్తకాలు. ఒకతను తినడం ఆపి మరీ అంటున్నాడు: "తప్పంతా పెద్దన్నదే. తమ్ముడు పైకొస్తుంటే చూడలేకపోయిండు."

ఎవరింట్లోనో ఆస్తి తగాదా అనుకున్నాను. రెండో మాటతో తెలిసిపోయింది. వాళ్లు మాట్లాడుకునేది 'బెటర్ కాల్ సాల్' గురించి. ఆ పెద్దన్న చక్ మెక్‌గిల్.

మా ఇంట్లోనూ దసరా నుంచి ఇదే వాదన. గ్రూప్స్‌కి చదువుకుంటూ అశోక్ నగర్ హాస్టల్లో ఉంటున్న మా అన్నయ్య కొడుకు ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. ఒక్కడే రాడు. నల్గొండ అబ్బాయి ఒకరు, ఖమ్మం అమ్మాయి ఒకరు, ఒక్కోసారి ఇంకో ఇద్దరు. వారమంతా లైబ్రరీలో, స్టడీ హాల్లో కూర్చున్న పిల్లలు కదా, ఆ ఒక్క పూటా టీవీ ముందు కాళ్లు చాపుకుంటారు. వారానికి ఐదారు ఎపిసోడ్ల చొప్పున మొత్తం 63 ఈ డిసెంబరుకి పూర్తయ్యాయి. ఎపిసోడ్ నడిచేది ముప్పావు గంట, అన్నీ అయ్యాక వాటి మీద మాటలు గంటన్నర.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. 'బ్రేకింగ్ బ్యాడ్' అని 2008 నుంచి 2013 దాకా 62 ఎపిసోడ్లు వచ్చిన అమెరికన్ సీరియల్. కెమిస్ట్రీ మాస్టారు మత్తుమందు తయారీలోకి దిగే కథ. అందులో సాల్ గుడ్‌మన్ అని ఒక లాయరు ఉంటాడు. రంగురంగుల చొక్కాలు, నోరు తెరిస్తే అబద్ధాలు, చట్టంలో ఎక్కడ సందుందో అక్కడ దూరిపోయే రకం. అతను ముందు ఎవరు, అలా ఎందుకయ్యాడు అన్నదే 'బెటర్ కాల్ సాల్'. విన్స్ గిల్లిగన్, పీటర్ గౌల్డ్ కలిసి సృష్టించారు. 2015లో మొదలై 2022 ఆగస్టు 15న ముగిసింది.

మొదటి సీన్‌లోనే కథ చివర చూపించేస్తారు. బతుకు పోగొట్టుకుని, పేరు మార్చుకుని, ఒమాహాలో ఒక మాల్‌లో తీపి రొట్టెలు అమ్ముకునే నెరిసిన మీసాల మనిషిగా కనిపిస్తాడు సాల్. అంటే ఏమవుతుందోనన్న బెంగ మనకి లేదు, ఎందుకయ్యిందన్నదే కావాలి. ఈ 'ఎందుకు' మనకేమీ కొత్త కాదు. 2015 జూలై 10న 'బాహుబలి' విడుదలైన రాత్రి నుంచి 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ టీ కొట్ల దగ్గర తెగని ప్రశ్న ఒక్కటే కదా, కట్టప్ప ఎందుకు పొడిచాడని! పొడిచాడని అందరికీ తెలుసు. కారణం కోసమే జనం ఇరవై ఒక్క నెలలు ఆగారు.

ఇక చక్ సంగతి. పెద్ద లాయరు, సొంత ఫర్మ్‌లో భాగస్వామి, చట్టమంటే దేవుడితో సమానం అనుకునే మనిషి. తమ్ముడు జిమ్మీ కుర్రతనంలో చిన్నచిన్న మోసాలు చేసి జైలు దాకా వెళితే చక్కే విడిపించి, తన ఫర్మ్‌లో ఉత్తరాలు పంచే గదిలో పనిప్పించాడు. జిమ్మీ ఆ పని చేసుకుంటూనే ఎవరికీ చెప్పకుండా అమెరికన్ సమోవా యూనివర్సిటీ నుంచి కరస్పాండెన్స్‌లో లా చదివాడు. బార్ పరీక్ష రెండుసార్లు పోయింది, మూడోసారి గట్టెక్కాడు. సంతోషంగా అన్న దగ్గరికి వచ్చి నన్నూ మీ ఫర్మ్‌లో తీసుకోండి అన్నాడు. కుదరదన్నారు. ఆ కాదన్నది ఫర్మ్‌లోని ఇంకో భాగస్వామి హోవార్డ్ అని జిమ్మీ ఏళ్ల తరబడి నమ్మి అతన్ని తిట్టుకున్నాడు. నిజానికి వెనకనుంచి వద్దన్నది ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నే.

ఈ ముక్క అశోక్ నగర్‌లో తగిలినట్టు ఇంకెక్కడా తగలదని నా నమ్మకం. మా ఇంటికొచ్చే నల్గొండ అబ్బాయి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేశాడు, పగలు ఎరువుల కొట్లో పనిచేస్తూ. 2022లో 503 గ్రూప్-1 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ ఊరొచ్చాడు. ఆ ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకై రద్దయింది, మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులకి కొత్త నోటిఫికేషన్ ఇస్తే మూడోసారి అదే మొదటి మెట్టు ఎక్కాడు. చక్ తమ్ముడి మొహం మీదే నువ్వు అసలు లాయరువే కావంటాడే, ఆ సీన్‌లో ఆ అబ్బాయి కళ్లలోకి చూడలేకపోయాను. చాలాసేపటికి అన్నాడు: "పరీక్ష పాసైనోణ్ని పట్టుకుని నువ్వు పాస్ కాలేదన్నట్టే గదా అత్తా."

ఖమ్మం అమ్మాయి మాత్రం చక్ పక్షం. ఆమె వాదన కొట్టిపారేసేది కాదు. "ఆయన భయపడింది నిజమైందా లేదా? జిమ్మీ చేతికి లా ఇస్తే పిచ్చోడి చేతికి రాయి ఇచ్చినట్టే అనుకున్నాడు. చివరికి అదే జరిగింది కదా." తండ్రి కొట్టు గల్లాపెట్టె నుంచి చిన్నప్పుడే జిమ్మీ కాజేస్తూ వచ్చాడని, మొత్తం 14,000 డాలర్లని చక్ చెప్పే లెక్క కూడా గుర్తుచేసింది.

నా మాట నేను చెప్పాను. చక్ జోస్యం నిజమే, కానీ దాన్ని నిజం చేసింది కూడా చక్కే. ఎదురుగా కూర్చోబెట్టి, ఒరేయ్ నీ మీద నాకు నమ్మకం లేదు, రెండేళ్లు నా కింద పనిచేసి చూపించు అని ఉంటే అది పెద్దరికం. ఇంకొకడి నోటితో కాదనిపించడం పెద్దరికం కాదు. ఆ రోజు జిమ్మీకి పోయింది ఉద్యోగం ఒక్కటే అయితే తట్టుకునేవాడు.

ఇంతకీ చక్‌కి తమ్ముడంటే అంత కడుపుమంట ఎందుకు? రెండో సీజన్ చివర ఆసుపత్రి సీన్ చూసినప్పుడు పక్క ఫ్లాట్ పిన్నిగారు కూడా మాతో ఉన్నారు. తల్లి ఆఖరి ఘడియల్లో ఉంది. జిమ్మీ తినడానికి ఏదైనా తెస్తానని బయటికెళ్లాడు. చక్ ఒక్కడే మంచం పక్కన. తల్లి కళ్లు తెరిచి 'జిమ్మీ' అంది. ఇంకోసారి 'జిమ్మీ' అంది. చెయ్యి పట్టుకుని కూర్చున్న పెద్దకొడుకు పేరు ఎత్తకుండానే పోయింది. తిరిగొచ్చిన తమ్ముడు అమ్మ ఏమైనా అందా అని అడిగితే, ఏమీ అనలేదంటాడు చక్.

పిన్నిగారు కొంగుతో కళ్లొత్తుకుని, "వాడి పాపం వాడిదే గానీ, ఆ తల్లి ఒక్కసారి వాణ్ని కూడా పిలిచి ఉండాల్సింది" అన్నారు. ఆవిడ ఈ నెలంతా సాయంత్రాలు త్యాగరాయ గానసభలో కచేరీలు, ప్రవచనాలు వదలరు. ఆ రోజు రామాయణంలోకి తీసుకెళ్లారు మమ్మల్ని. వాల్మీకి కైక వేరు, విశ్వనాథ సత్యనారాయణగారి 'కల్పవృక్షం'లో కైక వేరు అన్నారు. రెండు చోట్లా ఆవిడ అడిగిన వరాలు అవే. కానీ విశ్వనాథవారి కైక రాముడి మీద ప్రేమతో, ఆయన అవతార కార్యం నెరవేరాలని ఆ నింద నెత్తినేసుకుంటుంది. పని ఒకటే, ఎందుకు చేసిందన్నది మారేసరికి మనిషే మారిపోయింది. కుర్రాళ్లు నోరు మెదపకుండా విన్నారు.

అశోక్ నగర్ క్రాస్ రోడ్స్ దగ్గర ఒక జెరాక్స్ అన్న ఉన్నాడు. పరీక్షల ముందు రాత్రి పన్నెండింటికీ అతని మిషన్ ఆగదు. మూత సందులోంచి పచ్చటి వెలుగు ఇటునుంచి అటు పాకుతుంటుంది. ఈ చలిలో వేడివేడి కాగితాల కట్ట ఛాతీకి ఆనించుకుని వెళ్లే పిల్లల్ని చూస్తే ముద్దొస్తుంది. అతనికి మా వాళ్లు సీరియల్ కథంతా చెప్పారు, ఎందుకంటే అందులో అసలు నేరం జరిగేది జెరాక్స్ షాపులోనే. చక్ దగ్గరున్న బ్యాంకు కాగితాల్లో 1261 అని ఉన్న చిరునామాని జిమ్మీ 1216 చేస్తాడు. రాత్రంతా కూర్చుని బ్లేడుతో అంకెలు కత్తిరించి, జిగురుతో అంటించి, కాపీ తీసి. దానివల్ల నిండు విచారణలో చక్ పరువు పోతుంది.

జెరాక్స్ అన్న ముందు పని గురించే మాట్లాడాడు. అంటించిన ముక్క అంచు సన్నటి గీతలా పడుతుందట. వెలుగు కాస్త పెంచి, ఆ కాపీకి మళ్లీ కాపీ తీస్తే గీత పోతుందట. ఆ తర్వాత అడిగాడు: "మరి దొరికిండా?" చక్‌కి కరెంటు పడని జబ్బు ఒకటుంది. ఆరా తీస్తూ అదే షాపుకి వచ్చి, ఆ మిషన్ల మధ్య కళ్లు తిరిగి తల కౌంటర్‌కి కొట్టుకుని పడిపోతాడు. జిమ్మీ రోడ్డవతల చీకట్లో దాక్కుని చూస్తున్నాడు. లోపలికి వెళ్తే తన గుట్టు తనే బయటపెట్టుకున్నట్టు. అయినా పరిగెత్తుకెళ్లి అంబులెన్స్ పిలిపిస్తాడు. జెరాక్స్ అన్న మిషన్ మీంచి చెయ్యి తీసి, "అట్లయితే వాడు మంచోడే. కాగితం దిద్దినందుకు శిక్ష పడాలె, గది వేరే" అన్నాడు. జిమ్మీ గురించి ఇంతకంటే సరైన మాట నేను వినలేదు.

సీరియల్లో ఇంకో పాత్ర మైక్. అతని గురించి మా ఇంట్లో వాదనే లేదు. తన సలహా విన్నందుకే కొడుకు చచ్చిపోయాడని తెలిసిన తండ్రి, మనవరాలి కోసం ఏదైనా చేస్తాడు.

అసలు చిక్కుముడి కిమ్ వెక్స్‌లర్. రియా సీహార్న్ వేసింది ఆ పాత్ర. ఉత్తరాల గదిలో జిమ్మీతోపాటు మొదలై, చదివి, పెద్ద లాయరై, పేదవాళ్ల కేసులు డబ్బు తీసుకోకుండా వాదించే మనిషి. అలాంటామె హోవార్డ్ పరువు తీయడానికి పథకం ఎందుకు వేసింది? వృద్ధుల తరఫున నడుస్తున్న ఒక కేసు తొందరగా తేలితే వచ్చే డబ్బుతో పేదలకి ఆఫీసు పెట్టొచ్చన్నది పైకి చెప్పే కారణం. నల్గొండ అబ్బాయి అదే చాలన్నాడు. ఖమ్మం అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ పథకం హోవార్డ్ ప్రాణం తీశాక కిమ్ జిమ్మీని వదిలి వెళ్తూ, ఇదంతా తనకి సరదాగా ఉండి ఆపలేకపోయానని ఒప్పుకుంటుంది కదా. "మంచి పని పేరు పెట్టుకుంటే ఎంత దూరమైనా పోవచ్చనిపిస్తుంది అత్తా. పోస్ట్ వచ్చాక జనానికి సేవ చేస్తాం అని మేమంతా రాసుకుంటాం. రాసేటప్పుడు నిజమే. కానీ కుర్చీ మీద మోజు లేదంటే అబద్ధం." ఇరవై నాలుగేళ్ల పిల్ల అంది ఈ మాట. రేపు ఏ మండలానికి అధికారిగా వెళ్లినా ఆ ఊరు అదృష్టం చేసుకున్నదే.

ఆ వారమే ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండగకి నడిచి వెళ్లాం. దుమ్ము, మిర్చిబజ్జీల వాసన, సంచులు మోయలేక మోస్తున్న జనం. పాత పుస్తకాల స్టాల్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు కనిపిస్తే పట్టలేనంత సంతోషం వేసింది. యుగంధర్, అసిస్టెంట్ రాజు వెంట తిరిగిన సెలవులు గుర్తొచ్చాయి. అక్కడ ఆఖరి పేజీల్లో హంతకుడెవరో తేలాక, ఎందుకు చంపాడన్నది రెండు పేరాల్లో చెప్పేవారు. ఆ రెండు పేరాలనే ఆరు సీజన్లు చేసి చూపించారు వీళ్లు. మా మేనల్లుడు మూడు యుగంధర్లు కొన్నాడు, ప్రిలిమ్స్ అయ్యాకే తెరుస్తానని ఒట్టేసి.

ఇంత గొప్ప సీరియల్‌కి ఎమ్మీ అవార్డుల్లో 53 నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డూ రాలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు నల్గొండ అబ్బాయి పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "53 సార్లు ఇంటర్వ్యూ దాకా పోయి!" అన్నాడు. తర్వాత, "అయినా మనం చూస్తున్నం గదా" అన్నాడు.

వచ్చేది వైకుంఠ ఏకాదశి, ఆ వెంటనే నాంపల్లిలో నుమాయిష్. సంక్రాంతికి హాస్టళ్లు సగం ఖాళీ అవుతాయి. పతంగుల మాంజా నారాయణగూడ మేడల మీద ఇప్పటికే ఆరుతోంది. పిల్లలు ఊళ్లకి వెళ్లేలోగా ఒక్కటి చూసి వెళ్తామన్నారు. 'బ్రేకింగ్ బ్యాడ్' రెండో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్, 2009లో వచ్చింది. సాల్ మొదటిసారి కనిపించేది అందులోనే. ముసుగులేసుకున్న ఇద్దరు అతన్ని ఎడారిలోకి లాక్కెళ్లి గొయ్యి ముందు కూర్చోబెడతారు. ప్రాణభయంతో అరుస్తాడు, నేను కాదు, ఇగ్నాసియో చేశాడని. మిమ్మల్ని లాలో పంపలేదా అంటాడు. ఆ రోజుకి అవి రెండు పేర్లు, అంతే. ఆరేళ్ల తర్వాత మొదలైన 'బెటర్ కాల్ సాల్'లో ఆ పేర్లకి మనుషుల్ని పుట్టించారు. ఇగ్నాసియో అంటే నాచో. కుర్చీలకి, సోఫాలకి గుడ్డ కుట్టే తండ్రి ఒక్కడూ క్షేమంగా ఉంటే చాలని, తన చావు తనే ఒప్పుకున్న కుర్రాడు.

ఇదివరకు ఎన్నిసార్లు చూశానో ఆ ఎడారి సీన్, ఎప్పుడూ నవ్వుతూనే చూశాను. మొన్న ఆదివారం ఇగ్నాసియో పేరు వినపడగానే ఖమ్మం అమ్మాయి రిమోట్ తీసుకుని ఆపేసింది. "వాళ్ల నాన్న ఇంకా ఆ కొట్లోనే ఉన్నాడు కదా ఈ టైముకి" అంది. మా సందు చివర కుషన్లు కుట్టే షాపులో మిషన్ చప్పుడు వినిపిస్తోంది. సంక్రాంతికి ముందు వాళ్లకి ఆదివారం కూడా పనే.