అమ్మనా... వద్దా?

ఇల్లు ఖాళీ చెయ్యడమంటే ఏ వస్తువు ఎటు పోవాలో తేల్చడమే! విజయవాడ వెళ్లేవి కొన్ని, స్నేహితులకు ఇచ్చేవి కొన్ని, ఎవరికీ అక్కర్లేనివి బోలెడు. 29 ఏళ్ల అమెరికా జీవితంలో పోగైన సామానంతా ఆ దంపతులు నెలరోజుల్లో మూడు కుప్పలు చేసేశారు. ఒక్కటి మాత్రం ఏ కుప్పలోనూ చేరలేదు. డెట్రాయిట్ శివార్లలో నోవైలోని ఆ ఇంటి గరాజ్‌లో, దుప్పటి కింద పడుకున్న ఎర్ర కారు. 1992 నాటి మాజ్దా మియాటా.

విజయవాడలో తల్లికి 82 ఏళ్లు. జారిపడి తుంటి ఎముక విరిగాక ఒంటరిగా ఉండలేని పరిస్థితి. ఒక్కడే కొడుకు. వెళ్లిపోదామని ముందు అన్నది ఆయనే. ఉద్యోగం వదులుకోవడానికి రెండు రోజులు ఆలోచించారు. ఇల్లు అమ్మడానికి ఓ వారం. కారు దగ్గరికొచ్చేసరికి రెండు నెలలైనా తేలలేదు.

అలాగని అదేమీ కోటీశ్వరుల కారు కాదు. 1989లో అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర 13,800 డాలర్లు. 1.6 లీటర్ల ఇంజిను, 116 హార్స్‌పవర్, టన్నుకన్నా తక్కువ బరువు. లైట్లు వేస్తే బానెట్‌లోంచి కప్పకళ్లలా పైకి లేస్తాయి. పైకప్పు గుడ్డది. రెండు కొక్కేలు విప్పి వెనక్కి తోసేస్తే ఆకాశమే కప్పు! వేగంలో దీన్ని మించినవి ఎన్నో ఉన్నాయి. కానీ గుర్రమూ రౌతూ ఒకటైపోయినట్టు ఉండాలన్నది దాన్ని తయారుచేసిన జపాన్ ఇంజినీర్ల పట్టుదల. అది జనానికి ఎంత నచ్చిందంటే... 2016 నాటికి మియాటాలు పది లక్షలు తయారయ్యాయి. రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కార్లలో అంతగా అమ్ముడైంది మరొకటి లేదు.

1998లో ఆయన దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికి పెళ్లి కాలేదు. 'దీన్లో బియ్యం బస్తా కూడా పట్టదు కదరా' అని రూమ్మేట్లు నవ్వారు. నిజమే, పట్టలేదు. 2000లో కొత్త పెళ్లికూతురు ఎయిర్‌పోర్టులో దిగితే సూట్‌కేసుల కోసం స్నేహితుడి వ్యాను వెంట రావాల్సి వచ్చింది. ఆవకాయ డబ్బా మాత్రం ఆవిడ ఒళ్లో!

తర్వాత కూతురు పుట్టింది. కొడుకు పుట్టాడు. ఇంట్లో నలుగురు, కారులో ఇద్దరు. 'ఇది సంసారుల కారు కాదండీ, అమ్మెయ్యండి' అని ఆవిడ ఏడాదికోసారైనా అనేవారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. పాతికేళ్లలో ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కసారి కూడా ఎక్కని కారు అది.

కానీ ఆ రెండు సీట్ల వల్లే ఒక మేలు జరిగింది. ఎవరెక్కినా నాన్నతో వాళ్లొక్కరే. ఆదివారం ఉదయం ఒకరి వంతు, ఆ పై ఆదివారం ఇంకొకరిది. పెద్ద కారులో వెనక సీట్లో కూర్చుని కొట్టుకునే పిల్లలు ఇందులో కబుర్లు చెప్పేవారు. చూపు రోడ్డు మీద ఉంటుంది కాబట్టి, ఎదురుగా కూర్చుని చెప్పలేని సంగతులు పక్కన కూర్చుని చెప్పెయ్యొచ్చు. 'నాకు మెడిసిన్ వద్దు నాన్నా' అని 17 ఏళ్ల కూతురు మొదటిసారి నోరు విప్పింది అందులోనే. ఆ మాటకు గేరు మార్చడం మర్చిపోయారాయన.

అంత అనుబంధం ఉంటే అమ్మడం ఎందుకు? అక్కడే వచ్చింది చిక్కు.

విజయవాడ తెచ్చేసుకుందామా? విదేశాల్లో వాడిన కారును భారతదేశానికి దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. ఈ కారుకు 33 ఏళ్లు. స్టీరింగు ఎడమవైపు. రెండు పరీక్షల్లోనూ ఫెయిలే!

స్నేహితుడొకాయన ఇంకో దారి చెప్పారు. మిషిగన్‌లో పాతికేళ్లు దాటిన కారును ముచ్చటకు ఉంచుకునేవాళ్లకు 'చారిత్రక వాహనం' నంబరు ప్లేటు ఇస్తారు. మామూలు రోజుల్లో ప్రదర్శనలకూ క్లబ్బు కార్యక్రమాలకూ తీసుకెళ్లాలి. ఆగస్టు నెలలో మాత్రం ఎలా తిప్పుకున్నా అడగరు. ఆ నెలలోనే డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత కార్ల పండగ. 1995 నుంచీ జరుగుతోంది. 'మా గరాజ్‌లో పెట్టి ఏటా ఆగస్టులో వచ్చి వెళ్లు' అన్నారా స్నేహితుడు. వినడానికి బాగుంది. కానీ అమ్మను చూసుకోవడానికి వెళ్తున్న మనిషి, ఆమెను వదిలి ఏటా కారు కోసం రావడమా?

పైగా నిలబెట్టిన కారు నిలవదు. ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. రబ్బరు సీళ్లు ఎండి పగుళ్లిస్తాయి. గుడ్డ టాప్ మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనక ఉన్న సన్నని గొట్టాల్లోంచి కిందికి పోవాలి. వాటికి ఆకులు అడ్డుపడితే ఆ నీళ్లు డోరు కింది రేకులోకి చేరి లోపల్నుంచే తుప్పు పట్టిస్తాయి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దానికి తోడు. అందుకే ఆయన ఏటా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కారును బయటికి తీసేవారే కాదు. విడిభాగాలకు లోటు లేదు. 2017లో ఆ కంపెనీయే జపాన్‌లో తొలితరం కార్లను బాగుచేసిచ్చే సేవను ప్రకటించింది. లేనిదల్లా తిప్పే మనిషే. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక గత రెండేళ్లలో ఆయన తిప్పింది మొత్తం 400 మైళ్లు!

పిల్లలకిద్దామంటే కూతురుండేది షికాగోలో, అపార్ట్‌మెంట్‌లో. 'ఇస్తే కాదనలేను నాన్నా. కానీ వీధిలో పెట్టాలి. ఒక్క చలికాలానికే తుప్పు పట్టిపోతుంది. అది నా చేతిలో పాడవడం నేను చూళ్లేను' అంది. కొడుక్కి క్లచ్చున్న కారు నడపడమే రాదు.

విచిత్రమేమిటంటే, పాతికేళ్లుగా అమ్మెయ్యమన్న ఆవిడే అడ్డం తిరిగారు. 'అన్నీ వదులుకుంటున్నారు. ఇదొక్కటైనా ఉండనివ్వండి' అన్నారు.

చివరికి ఫోన్లో విషయం అమ్మ చెవిన పడింది. 2006లో అమెరికా వచ్చినప్పుడు ఆమె ఆ కారెక్కారు. తల చుట్టూ కొంగు బిగించి, 'కప్పులేని కారేమిట్రా' అంటూనే ఇంకో రౌండు వెయ్యమన్నారు. ఇప్పుడు ఆమె నెమ్మదిగా చెప్పిన మాట ఇదీ:

'మీ నాన్న పోయాక ఆయన స్కూటరు అమ్మబుద్ధి కాలేదురా. వరండాలో పెట్టి రోజూ తుడిచేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఎలుకలు వైర్లు కొరికేశాయి. టైర్లు నేలకంటుకుపోయాయి. అప్పుడు పాలబ్బాయికి ఇచ్చేశాను. బాగుచేయించుకుని ఆరేళ్లు తిరిగాడు. రోజూ పొద్దున్నే ఆ చప్పుడు వినపడేది. నేను తుడిచినన్నాళ్లూ అది చచ్చినట్టే ఉంది.'

ఆమె అమ్మమనలేదు. వద్దనీ అనలేదు. కానీ ప్రశ్న మారిపోయింది. ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది కాదు... ఇక ముందు దీన్ని నడిపేదెవరు? మనం ప్రేమించే వస్తువును మనమే వాడలేని రోజు వస్తే, వాడేవాళ్లను వెతికిపెట్టడం కూడా ప్రేమే కదా!

బేరానికి ఇద్దరు వచ్చారు. మొదటాయన కార్లు సేకరిస్తారు. 'ఇది నా తొమ్మిదో కారు. దుమ్ము కూడా పడనివ్వను' అని ఎక్కువ ధర చెప్పారు. రెండో మనిషి ఓ నర్సు. పాతికేళ్లుంటాయి. గేర్ల కారు నడపడం తాతగారి దగ్గర నేర్చుకుందట. కారు కింద పడుకుని రేకులు తట్టి చూసింది. 'మంచు లేని రోజుల్లో దీన్లోనే ఆసుపత్రికి వెళ్తాను. తట్టుకుంటుందా?' అని అడిగింది. తాళాలు ఆమెకే ఇచ్చారు, 1,500 డాలర్లు తక్కువకి. పదిహేను వందలంటే మాటలా అని ఆవిడ గొణిగారు గానీ, ఆమె గేటు దాటేదాకా చెయ్యి ఊపిందీ ఆవిడే.

బాధ లేదనుకుంటే పొరపాటు. వారం రోజులు ఆయన గరాజ్ తలుపు తియ్యలేదు. మాటలు కూడా తగ్గించేశారు. షికాగో నుంచి కూతురు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా కాసేపు ఏడ్చింది.

ఇప్పుడు విజయవాడలో వాళ్లకున్నది క్లచ్ లేని మామూలు కారు. అయిదు సీట్లు. ఇంటిల్లిపాదీ పడతారు. అయినా కొన్ని ఆదివారాలు ఆయన అమ్మనొక్కదాన్నే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం దాకా వెళ్లొస్తున్నారు. ఎవరితోనూ చెప్పని పాత సంగతులు ఆమె కృష్ణ వైపు చూస్తూ చెబుతారు. ఆయన రోడ్డు వైపు చూస్తూ వింటారు.