బురదలో సైకిలు పందెం

పిల్లలూ! మీలో చాలామందికి సైకిలు తొక్కడం వచ్చే ఉంటుంది. కాని సైకిలును భుజాన వేసుకొని పరుగెత్తే పందెం ఒకటి ఉన్నదని మీకు తెలుసా? దాని పేరు సైక్లోక్రాస్. నా 63వ ఏట నేను అటువంటి పందెంలో దిగాను. అందులో నేను ఎన్నోవాడినిగా వచ్చానో చివర చెబుతాను. ఈ లోగా మీరు ఊహించండి.

ఈ పందెం ఫ్రాన్సు దేశంలో పుట్టింది. చలికాలంలో ఒళ్ళు బిగువు సడలకుండా ఉండడానికి అక్కడి సైకిలు పందెగాళ్ళు పొలాలకు అడ్డంపడి, కంచెలు దాటుకుంటూ పోయేవారు. దానియేల్ గూసో అనే సైనికుడు 1902లో దీనికి జాతీయ పోటీ జరిపించాడు. 1950లో పారిస్ నగరంలో ప్రపంచ పోటీలు మొదలైనాయి. తరవాత బెల్జియం వారు ఈ ఆటలో ఆరితేరారు. ఆ దేశపు ఎరిక్ ద వ్లామింక్ 1966 నుంచి 1973 లోపల 7 సార్లు ప్రపంచ విజేత అయ్యాడు.

2023 అక్టోబరులో నేను అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి వద్దకు వెళ్ళాను. అక్కడ ఆకురాలు కాలం వచ్చిందంటే వానలు మొదలవుతాయి. సరిగ్గా ఆ వానలలోనే వారు ఈ పందాలు పెట్టుకుంటారు. దారి సుమారు 3 కిలోమీటర్ల చుట్టు. గడ్డి, ఇసక, బురద, ఏటవాలు గట్లు అన్నీ ఉంటాయి. మధ్యమధ్య దారికి అడ్డంగా చెక్కపలకలు నిలబెడతారు. అక్కడ దిగి, సైకిలు ఎత్తుకొని దాటాలి.

ఇది చూసి, "ఓస్, ఇంతేనా!" అనుకున్నాను. కోనసీమలో 30 ఏళ్ళపాటు సైకిలు మీదనే బడికి పోయినవాడిని. వానాకాలంలో సైకిలు భుజాన వేసుకొని ఎన్ని బోదెలు దాటానో లెక్కలేదు. మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య ఇరుక్కున్న బంకమట్టిని పుల్లతో గీకడం నాకు నిత్యకృత్యం.

"వద్దు నాన్నా, కాలు జారితే ఎలా?" అన్నది అమ్మాయి. నేను వినలేదు.

అల్లుడు తన సైకిలు ఇచ్చాడు. ఇచ్చేముందు టైర్లలో గాలి కొంత తీసివేశాడు.

"అదేమిటి బాబూ, ఉన్న గాలి తీసేస్తున్నావు?" అన్నాను.

"నేలను గట్టిగా పట్టుకోవాలి గదా, మావయ్యగారూ!" అన్నాడు.

మీరూ లెక్క వేసి చూడండి. నేనూ సైకిలూ కలిసి 80 కిలోలు. చక్రానికి 40 కిలోల బరువు అనుకుందాం. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 4 కిలోలైతే, నేలను తాకే భాగం సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి 2 కిలోలకు తగ్గిస్తే ఆ భాగం 20 అవుతుంది. వెడల్పుగా ఆనిన చక్రం బురదలో తక్కువగా దిగబడుతుంది, పట్టు దొరుకుతుంది. మన పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరుకు వెడల్పాటి ఇనపచక్రాలు తగిలించేది కూడా ఇందుకే. ఏళ్ళ తరబడి నల్లబల్లమీద నేను చెప్పిన పాఠమే అది. చెప్పిన నాకే తోచలేదు!

ఈల వేశారు. పందెం మొదలైంది. మొదటి మలుపు తిరిగేసరికే మిగిలినవారందరూ నన్ను దాటిపోయారు. వాన జోరున కురుస్తున్నది. బురద పట్టి సైకిలు ఇనుమడించిన బరువైంది. రెండో చుట్టులో గట్టు దిగుతూ జారి బోర్లా పడ్డాను. లేచి కళ్ళు తుడుచుకొనేసరికి ముందున్న కుర్రవాళ్ళు ఒక చుట్టు పూర్తిగా తిరిగివచ్చి, నన్ను మళ్ళీ దాటిపోయారు. మోకాలు మండుతున్నది. దారి పక్కన కట్టిన పట్టీ రెండడుగుల దూరంలో ఉన్నది. దానికింద దూరి బయటపడితే అడిగేవారు లేరు.

అప్పుడు ఒక కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు.

చాలా ఏళ్ళ క్రితం మా బడిలో 1500 మీటర్ల పరుగుపందెం జరిగింది. అందరూ ముగించినా వాడొక్కడే ఇంకా పరుగెత్తుతున్నాడు. తరవాతి పోటీకి ఆలస్యమవుతున్నదని నేను ఈల ఊది, "చాల్లేరా, పక్కకు వచ్చేయి!" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. వాడు తల వంచుకొని వచ్చేశాడు. మరుసటి ఏడు వాడు పేరు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని నేను అడగనూ లేదు.

నేను పట్టీ దాటలేదు. సైకిలు భుజాన వేసుకొని నడిచాను.

ఇటువంటి పందెంలో ఒక మంచి ఏర్పాటు ఉన్నది. మొదటివాడు గమ్యం చేరిన తరవాత, వెనక ఉన్నవారు తామున్న చుట్టు ముగిస్తే చాలు, పందెం పూర్తిచేసినట్టే. ఆలస్యమూ కాదు, ఎవరినీ పక్కకు పొమ్మననూ అక్కర్లేదు. ఇంత చిన్న ఉపాయం ఆనాడు నాకు తోచలేదు.

నేను గమ్యం చేరేసరికి, వానలో తడుస్తూ ముక్కూ మొహం తెలియనివారు నిలబడి, ఆవుల మెడలో కట్టేటటువంటి గంటలు మోగించారు. మీలో నేను కడపటివాడినని ఊహించినవారి ఊహ నిజమే.

ఊరికి తిరిగివచ్చాక ఆ కుర్రవాడికోసం వాకబు చేశాను. ఇప్పుడతడు పిల్లల తండ్రి. ఫోనులో, "ఆ పరుగుపందెం సంగతి జ్ఞాపకం ఉన్నదా?" అని అడిగాను. అతడు కాసేపు మాట్లాడలేదు.

"ఉందండి, మాస్టారూ," అన్నాడు.

"ఆనాడు నేను చేసింది తప్పు. ఆ మాట చెప్పడానికే పిలిచాను," అన్నాను.

పిల్లలూ, పందెంలో ఎవరో ఒకరు కడపట రాక తప్పదు. అది మీరే అయితే, పక్కకు తొలగకండి. మరొకరైతే, వారు వచ్చేదాకా ఉండి చప్పట్లు కొట్టండి. మీ పెద్దలకు కూడా నేను చెప్పేది ఇదే.